ప్రత్యర్థి పంతాన్ని చదివిన ప్లేబుక్: ఒహాయో స్టేట్‌ను మిషిగన్ వరుసగా నాలుగుసార్లు ఎలా ఓడించింది

2018 నవంబర్ 24న చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్న కొలంబస్‌కు వెళ్లిన మిషిగన్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ ఏడాది గెలుపు తనదేనన్న ధీమా గట్టిగానే ఉంది. ర్యాంకింగ్స్‌లో నాలుగో స్థానం. ప్రత్యర్థులకు అతి తక్కువ గజాలు ఇచ్చి దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న డిఫెన్స్. పందేలు కాసేవాళ్ల అంచనాలూ దానివైపే ఉన్నాయి. సాయంత్రానికి స్కోరు ఒహాయో స్టేట్ 62, మిషిగన్ 39. 1897లో మొదలైన ఈ పోటీలో ఒహాయో స్టేట్ అంతకుముందు ఏనాడూ అన్ని పాయింట్లు చేయలేదు. మరుసటి ఏడాది సొంత ఊరు ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ మళ్లీ 56-27తో చిత్తయింది. దాంతో 2012 నుంచి వరుసగా ఎనిమిది ఓటములు. వాటిలో చివరి ఐదు కోచ్ జిమ్ హార్‌బా ఖాతాలోవే.

2020లో కోవిడ్ వల్ల మ్యాచ్ జరగలేదు. ఆ తర్వాత 2021, 2022, 2023, 2024 సంవత్సరాల్లో మిషిగన్ నాలుగుసార్లూ గెలిచింది. ఆ నాలుగేళ్లలోనూ హైస్కూల్ నుంచి ఎక్కువ పేరున్న ఆటగాళ్లను తెచ్చుకున్నది ఒహాయో స్టేటే. ప్రతిభలో వెనకబడ్డ జట్టు, ఏడాదికి ఒక్కసారే ఎదురయ్యే ప్రత్యర్థిని నాలుగుసార్లు ఓడించాలంటే కసి ఒక్కటే సరిపోదు. కసి 2018లోనూ ఉంది. మారింది వ్యూహం. అదీ మైదానంలో దిగాక మారింది కాదు, చాలావరకు నెలల ముందే మారింది.

ఈ పోటీకి అమెరికాలో 'ది గేమ్' అని పేరు. ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో ఆ వారమంతా బోర్డుల మీద 'ఎం' అక్షరం కనిపిస్తే దాని మీద ఎర్ర టేపుతో అడ్డంగా గీతలు పెడతారు. అక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులకు ఇది మొదటి ఏడాది వింతగా ఉండి, రెండో ఏడాదికి అలవాటైపోతుంది. మ్యాచ్ అక్కడ మధ్యాహ్నం 12కు మొదలవుతుంది, మనకు రాత్రి పదిన్నర. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వీటినే డౌన్‌లు అంటారు. వెళ్తే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతి చేతిలో ఉన్న జట్టు అఫెన్స్, దాన్ని ఆపేది డిఫెన్స్. అఫెన్స్‌లో పాస్ వేసేవాడు క్వార్టర్‌బ్యాక్, దాన్ని అందుకునేవాళ్లు రిసీవర్లు, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్. బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. క్రికెట్‌లో ఒక్కో బంతికీ మధ్య కెప్టెన్ ఫీల్డింగ్ మార్చినట్టే ఇక్కడ ఒక్కో ప్లేకి ముందు రెండు జట్లూ తమ అమరిక మార్చుకుంటాయి. ఎత్తు, పైఎత్తు అంతా ఆ కొద్ది సెకన్లలోనే నడుస్తుంది.

ఎక్కడ దెబ్బతిన్నారు

2018లో మిషిగన్ డిఫెన్స్‌ను నడిపింది డాన్ బ్రౌన్. ఆయన పద్ధతి సూటిగా ఉండేది. ఒక్కో రిసీవర్‌కు ఒక్కో కాపలాదారు, మిగిలినవాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకడం. దీన్ని మ్యాన్ కవరేజ్ అంటారు. సీజన్‌లో ఎదురయ్యే చాలా జట్ల మీద ఇది బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకంటే ఆ జట్ల రిసీవర్ల కంటే మిషిగన్ కాపలాదారులు వేగంగా ఉండేవారు.

ఒహాయో స్టేట్ దగ్గర ఆ లెక్క తిరగబడింది. అప్పట్లో అఫెన్స్ బాధ్యత చూస్తున్న రయన్ డే ఇద్దరు రిసీవర్లను ఎదురెదురు దిక్కుల నుంచి, ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా అడ్డంగా పరిగెత్తించేవాడు. వెంటాడే కాపలాదారులు ఆ కూడలిలో ఒకరికొకరు అడ్డం పడి కనీసం ఒక అడుగు వెనకబడేవారు. అసలే వేగమైన రిసీవర్, ఆపై ఒక అడుగు ముందు. అతనికి అయిదు గజాల పాస్ ఇస్తే చాలు, మిగతా నలభై గజాలు అతనే పరిగెత్తేస్తాడు. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ ఆరు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2019లో ఆ దారిని కాస్త మూయబోతే పరుగు ఆట వైపు గండి పడింది. రన్నింగ్ బ్యాక్ జె.కె. డాబిన్స్ 211 గజాలు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. వేగం కోసం తేలికపాటి ఆటగాళ్లతో నింపిన మిషిగన్ ముందు వరుస అతన్ని ఆపలేకపోయింది.

పదకొండు మ్యాచ్‌లు గెలిపించగల పద్ధతి పన్నెండో మ్యాచ్‌లో చేటు చేయవచ్చు. ఈ నిజాన్ని ఒప్పుకోవడం కోచ్‌లకు చాలా కష్టం. సీజన్ గణాంకాలన్నీ పద్ధతి సరైందనే చెబుతుంటాయి మరి. హార్‌బా కూడా 2020లో జట్టు 2-4తో కుప్పకూలి, విశ్వవిద్యాలయం జీతాన్ని దాదాపు సగానికి కోసి కొత్త ఒప్పందం ఇచ్చేదాకా ఒప్పుకోలేదనే చెప్పాలి.

బాల్టిమోర్ నుంచి వచ్చిన పద్ధతి

డాన్ బ్రౌన్ స్థానంలో వచ్చింది 33 ఏళ్ల మైక్ మెక్‌డొనాల్డ్. అప్పటిదాకా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, హార్‌బా అన్న జాన్ హార్‌బా కోచ్‌గా ఉన్న బాల్టిమోర్ రేవెన్స్‌లో పనిచేసేవాడు. అతను తెచ్చిన డిఫెన్స్‌లో రెండు విషయాలు ముఖ్యం.

మొదటిది, ఎవరు దూకుతారో తెలియనివ్వకపోవడం. బంతి కదలడానికి ముందు గీత దగ్గర ఆరుగురు నిలబడతారు. చూసే క్వార్టర్‌బ్యాక్‌కు ఆరుగురూ మీద పడతారని అనిపిస్తుంది. బంతి చేతికి రాగానే వాళ్లలో ఇద్దరు వెనక్కి జారుకుంటారు, వచ్చేది నలుగురే. కానీ ఆ నలుగురు ఎవరన్నది ప్రతిసారీ మారుతుంది. అఫెన్స్ ముందు వరుస (లైన్) ఒకవైపు కాచుకుంటే దెబ్బ ఇంకోవైపు పడుతుంది. దూకుడు డిఫెన్స్ ఇచ్చే ఒత్తిడి అంతా దొరుకుతుంది, పాస్‌ను కాచేందుకు వెనక ఏడుగురు మిగులుతారు.

రెండోది, సేఫ్టీలు అనే ఇద్దరు వెనక కాపలాదారులను లోతుగా నిలిపి, మనిషిని కాకుండా చోటును కాపాడడం. దీంతో ఆ అడ్డం పరుగుల ఎత్తు చాలావరకు పదును కోల్పోతుంది. కాపలాదారుడు ఎవరి వెంటా పరిగెత్తడం లేదు కాబట్టి కూడలిలో ఢీకొనే ఇబ్బంది లేదు. తన చోటులోకి వచ్చినవాడిని ఎదురుగా చూస్తూ ఆపుతాడు. చిన్న పాస్ పడుతుంది, పడనిస్తారు కూడా. ఆ చిన్న పాస్ నలభై గజాల పరుగుగా మారకుండా చూసుకుంటారు, అంతే.

దీనికి ఒక ఖరీదుంది. ఇద్దరిని లోతుగా నిలిపితే పరుగును ఆపడానికి ముందు ఒక మనిషి తగ్గుతాడు. ఆ లోటు పూడ్చాలంటే లైన్ మధ్యలో ఇద్దరేసి ప్రత్యర్థులను ఒక్కడే నిలవరించే భారీ ఆటగాళ్లు కావాలి. అలాంటివాళ్లను ముందుగా వెతికి తెచ్చుకోవాలి, రెండు మూడేళ్లు తయారు చేయాలి. మిషిగన్ ఆ పనిమీద కూర్చుంది. మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు 2022లో జట్టులోకి వచ్చారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే వెళ్లారు.

మెక్‌డొనాల్డ్ ఒక్క ఏడాదే ఉండి రేవెన్స్‌కు తిరిగి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన జెస్సీ మింటర్, 2024లో వచ్చిన వింక్ మార్టిన్‌డేల్ కూడా అంతకుముందు రేవెన్స్‌లో పనిచేసినవాళ్లే. మనుషులు మారినా సంకేతాలు, పేర్లు, ఆలోచన చాలావరకు అవే. ఆటగాళ్లు ప్రతి ఏడాదీ కొత్త పాఠం మొదటినుంచి నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఈ నాలుగు విజయాల్లో తక్కువగా చర్చకు వచ్చిన కారణం ఇదే అనిపిస్తుంది.

అఫెన్స్ వైపు మార్పు ఇంకా సూటిగా జరిగింది. ఒహాయో స్టేట్‌తో పాయింట్ల పందెంలో పోటీపడే ఆలోచన మానేశారు. బంతి తమ చేతిలో ఎంతసేపు ఉంటే ప్రత్యర్థి రిసీవర్లు అంతసేపు బెంచీ మీద కూర్చుంటారు. అందుకని లైన్‌ను, పరుగును బలపరిచారు. ప్రాక్టీస్‌లో 'బీట్ ఒహాయో' అనే పేరుతో ప్రత్యేక డ్రిల్ పెట్టారు. అందులో పాస్ ఉండదు, పరుగు ఒక్కటే. షెరోన్ మూర్ తయారు చేసిన ఆ అఫెన్స్ లైన్‌కే 2021, 2022లో దేశంలో అత్యుత్తమ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు వరుసగా రెండేళ్లు ఒకే జట్టుకు దక్కడం అదే మొదటిసారి.

2021: మంచులో 42 పాయింట్లు

2021 నవంబర్ 27న ఆన్ ఆర్బర్‌లో మంచు పడుతోంది. ఎదురుగా గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే, జాక్సన్ స్మిత్-ఎంజిగ్బా. ముగ్గురూ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్లిన రిసీవర్లు. క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ ఆ రోజు 394 గజాలు పాస్ చేశాడు. అంకె చూస్తే మిషిగన్ డిఫెన్స్ ఓడిపోయిందనిపిస్తుంది. కానీ ఆ గజాలు నిదానంగా, ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గోల్ దగ్గరపడేకొద్దీ చోటు ఇరుకై, మొదటి సగంలో ఒహాయో స్టేట్ రెండుసార్లు ఏడు పాయింట్ల టచ్‌డౌన్‌కు బదులు బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే వచ్చే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఎయిడన్ హచిన్సన్ ఒక్కడే స్ట్రౌడ్‌ను మూడుసార్లు కూల్చాడు.

సగం ఆట ముగిసేసరికి మిషిగన్ 14, ఒహాయో 13. తర్వాత మిషిగన్ పరుగు తప్ప వేరే మాట ఎత్తలేదు. హసన్ హాస్కిన్స్ 169 గజాలు, ఐదు టచ్‌డౌన్లు. జట్టు మొత్తం 297 గజాల పరుగు. ఆరు టచ్‌డౌన్లూ పరుగు మీదే వచ్చాయి. స్కోరు 42-27.

మ్యాచ్ అయ్యాక మిషిగన్ అఫెన్స్ కోఆర్డినేటర్ జాష్ గాటిస్ ఒక రేడియో కార్యక్రమంలో ఒహాయో స్టేట్‌ది నాజూకు ఆట అని, అది గట్టి జట్టు కాదని అన్నాడు. నోటిదురుసుగా అన్న మాటే కావచ్చు. కానీ అది కొలంబస్‌లో ముల్లులా దిగబడింది. వ్యూహం దృష్ట్యా ఆ మాట విలువ ఎంతో మూడేళ్ల తర్వాత తెలిసింది.

ఏ మ్యాచ్‌లోనైనా ప్రత్యర్థి ఏం చేయగలడో చూసుకుంటారు. ఏటా ఎదురయ్యే చిరకాల ప్రత్యర్థి విషయంలో ఇంకో లెక్క కూడా ఉంటుంది: గత ఏడాది ఓటమి తర్వాత అతను ఏం నిరూపించుకోవాలనుకుంటున్నాడు? ఈ పోటీలో ఇది కొత్త కాదు. 1968లో ఒహాయో కోచ్ వుడీ హేస్ 50-14తో మిషిగన్‌ను చిత్తుచేశాడు. మరుసటి ఏడాది మిషిగన్ పగ్గాలు అందుకున్న బో షెంబెక్లర్ ఒకప్పుడు అదే హేస్ దగ్గర సహాయకుడు. ప్రాక్టీస్‌లో ఒహాయో పాత్ర వేసే ఆటగాళ్ల జెర్సీల మీద 50 అని వేయించాడు. గురువు ఏ పరిస్థితిలో ఏం చేస్తాడో శిష్యుడికి తెలుసు. వరుసగా 22 విజయాలతో వచ్చిన ఒహాయో స్టేట్ ఆ రోజు ఆరు పాస్‌లను ప్రత్యర్థి చేతికే సమర్పించుకుని 24-12తో ఓడింది.

2022: ముందుకు తోసుకొస్తే వెనక ఖాళీ

2021 ఓటమి నుంచి ఒహాయో స్టేట్ నేర్చుకున్న పాఠం పరుగును ఆపాలన్నది. కొత్త డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా జిమ్ నోల్స్‌ను తెచ్చుకుంది. నోల్స్ దూకుడు మనిషి. మ్యాచ్‌లో గీత దగ్గర మనుషులను కిక్కిరిసేలా నిలిపాడు, చాలాసార్లు వెనక కాపలాకు ఎవర్నీ ఉంచకుండా మీదకి పంపాడు. మొదటి సగంలో మిషిగన్ పరుగు ఆట నిజంగానే నిలిచిపోయింది. ముఖ్యమైన రన్నింగ్ బ్యాక్ బ్లేక్ కోరం గాయంతో రెండుసార్లే బంతి పట్టాడు. సగం ఆటకి ఒహాయో 20, మిషిగన్ 17.

అయినా మిషిగన్ తడబడలేదు. అందరూ ముందుకు వస్తే వెనక ఉన్నది ఖాళీ మైదానమే. ఒక్కడిని తప్పించుకుంటే ఆపేవాడుండడు. కోర్నీలియస్ జాన్సన్‌కు 69, 75 గజాల టచ్‌డౌన్ పాస్‌లు, కాల్స్టన్ లవ్‌లాండ్‌కు 45 గజాలది. చివరి క్వార్టర్‌లో డొనోవన్ ఎడ్వర్డ్స్ 75, 85 గజాల పరుగులు. ఆరు టచ్‌డౌన్లలో ఐదు 45 గజాలు, అంతకంటే ఎక్కువ దూరం నుంచి వచ్చినవే. 45-23. ముందు ఏడాది మెల్లగా నేల మీద నమిలేసిన జట్టు, ఈ ఏడాది ఐదు పిడుగులతో ముగించింది. రెండో సగంలో ఒహాయో స్టేట్ చేసింది మూడు పాయింట్లే.

ఇక్కడ మిషిగన్ దగ్గర గొప్ప రహస్య వ్యూహమేమీ లేదు. ఒహాయో స్టేట్ ఏ గాయాన్ని మాన్పుకోవడానికి వస్తుందో ఊహించగలిగారు, దానికి తగిన పాస్‌లు సిద్ధంగా ఉంచుకున్నారు. పోయిన యుద్ధానికి సిద్ధపడి వచ్చినవాడికి ఈ యుద్ధంలో అలాంటి దెబ్బలే తగులుతాయి.

2023 కథ చెప్పేటప్పుడు సంకేతాల దొంగతనం వ్యవహారాన్ని దాటవేయడం కుదరదు. మైదానం అవతలి వైపు కోచ్‌లు చేసే సైగలను చదవడం కాలేజీ ఫుట్‌బాల్‌లో నేరం కాదు. కానీ రాబోయే ప్రత్యర్థి ఆడే మ్యాచ్‌లకు ముందుగా మనుషులను పంపి గమనించడం 1994 నుంచి నిషేధం. మిషిగన్ సిబ్బందిలో ఒకరు సరిగ్గా అదే నడిపించాడని 2023 అక్టోబర్‌లో విచారణ మొదలైంది. ఆ వ్యక్తి నవంబర్ మొదట్లోనే రాజీనామా చేశాడు. రెండు జట్లూ ఆడే లీగ్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ హార్‌బాను రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. 2025 ఆగస్టులో కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ భారీ జరిమానాలు వేసింది. 2021, 2022 విజయాల మీద ఈ మచ్చ ఎంత పడుతుందన్నది ఒహాయో అభిమానులతో మాట్లాడితే ఒకలా, మిషిగన్ అభిమానులతో మాట్లాడితే మరోలా వినిపిస్తుంది. తర్వాతి రెండు విజయాలు మాత్రం ఆ మనిషి వెళ్లిపోయాక వచ్చినవి. పైగా 2024 నుంచి హెల్మెట్‌లో రేడియో వచ్చి సైగల అవసరమే చాలావరకు తగ్గింది.

2023 మ్యాచ్‌లో తాత్కాలిక కోచ్‌గా నిలిచిన షెరోన్ మూర్ నాలుగో డౌన్‌లో బంతిని తన్ని వదిలేయకుండా పదేపదే ముందుకే వెళ్లాడు. ఒహాయో స్టేట్ మొదటి సగం చివర్లో జాగ్రత్తకు పోయి 52 గజాల ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించింది, అది తప్పింది. చివరి క్వార్టర్‌లో మిషిగన్ సుమారు ఏడు నిమిషాలు బంతిని వదలకుండా నడిపి మూడు పాయింట్లు తెచ్చుకుంది. ఇక మిగిలిన కాస్త సమయంలో కైల్ మెకార్డ్ వేసిన పాస్ రాడ్ మూర్ చేతికి చిక్కింది. 30-24. ఆ జట్టే కొద్ది వారాల తర్వాత వాషింగ్టన్‌ను 34-13తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది.

2024: పంతానికి పోయిన మధ్యాహ్నం

అసలు పాఠం 2024 నవంబర్ 30 మ్యాచ్‌లో ఉంది. హార్‌బా ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు. జట్టు ఆరు గెలిచి ఐదు ఓడింది, ర్యాంకింగే లేదు. లవ్‌లాండ్ ఆడలేదు, రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ ఆడలేదు. రెండో ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్ సుమారు ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తుందని అంచనా. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డేవిస్ వారెన్ మ్యాచ్ మొత్తంలో పాస్ చేసింది 62 గజాలు, రెండుసార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించాడు కూడా. ఇవన్నీ చూశాక స్కోరు ఒహాయోవైపే ఉండాలి.

ఒహాయో స్టేట్ దగ్గర జెరమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా, కార్నెల్ టేట్ లాంటి రిసీవర్లున్నారు. ఎదుటి జట్టులో ఉత్తమ కార్నర్‌బ్యాక్ లేడు. దాడి ఎక్కడ చేయాలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఒహాయో స్టేట్ మాత్రం బంతిని పదేపదే లైన్ మధ్యలోకి, గ్రాహం, గ్రాంట్‌ల మీదకే తోసింది. మిషిగన్ జట్టులో గట్టి చోటంటూ ఉంటే అదొక్కటే. పైగా ఒహాయో లైన్‌లో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్, లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ గాయాలతో లేరు. మొత్తం పరుగు 77 గజాలు.

ఎందుకలా చేసిందంటే ఒక్కటే వివరణ నప్పుతుంది. నాజూకు జట్టన్న మాట మూడేళ్లుగా వెంటాడుతోంది. మిషిగన్‌ను గెలవడం ఒక్కటే వాళ్లకు చాలలేదు, మిషిగన్ పద్ధతిలోనే గెలిచి చూపించాలనుకున్నారు. మార్టిన్‌డేల్ డిఫెన్స్‌కు అంతకంటే ఏం కావాలి? పాస్‌ను కాచేందుకు మనుషులను వెనక ఉంచుకుని, పరుగు సంగతి ఆ ఇద్దరికే వదిలేసింది. కేలెల్ మలింగ్స్ 116 గజాలు పరిగెత్తాడు. ఒహాయో ప్రయత్నించిన రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాయి. 45 సెకన్లు మిగిలి ఉండగా డొమినిక్ జ్వాడా 21 గజాల కిక్‌తో మిషిగన్‌ను గెలిపించాడు. 13-10.

తర్వాత జరిగింది చూస్తే తప్పెక్కడుందో ఇంకా స్పష్టమవుతుంది. మూడు వారాల తర్వాత ప్లేఆఫ్స్‌లో అదే ఒహాయో స్టేట్, అదే గాయాల లైన్‌తో, మొదటి నిమిషాల నుంచే స్మిత్ వైపు పాస్‌లు వేసి టెనెస్సీని 42-17తో, ఒరెగాన్‌ను 41-21తో చిత్తుచేసింది. టెక్సస్‌ను, నోటర్ డేమ్‌ను కూడా ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. బలం ఎక్కడికీ పోలేదు, ఆ ఒక్క మధ్యాహ్నం వాడలేదు, అంతే.

2025లో ఆన్ ఆర్బర్‌కు వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ నిరూపించే ప్రయత్నం చేయలేదు. మంచు పడుతున్నా జూలియన్ సేయిన్ చేత పాస్‌లు వేయించింది. మూడు టచ్‌డౌన్లూ గాలిలోంచే వచ్చాయి. ఆధిక్యం చేతికొచ్చాకే బంతిని నేల మీద నడిపిస్తూ గడియారాన్ని కరిగించింది. మాట్ ప్యాట్రీషియా నడిపిన డిఫెన్స్ ముందు కుర్ర క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్ చేతిలో ఉన్న మిషిగన్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. 27-9. ముందు పాస్, తర్వాత పరుగు. 2024లోనూ ఒహాయో స్టేట్ దగ్గర ఇదే దారి తెరిచి ఉంది.